ఆఖరి మాత్ర ఎప్పుడు?

ఎముకల వార్డు పక్కన,
వ్యాయామాల గది నుంచి

అమ్మమ్మకి,

క్షేమమా అని అడగను. అడిగితే "రాయిలా ఉన్నాను" అంటావు. అది నిజమో అబద్ధమో ఇంత దూరం నుంచి నాకు తెలిసి చావదు. కుట్టుమిషన్ల మోత నీ చెవుల్ని తినేశాక ఫోన్లో నా మాటలు సగమే వింటున్నావు. మిగతా సగం నువ్వే కుట్టుకుంటున్నావు. నేను ఉద్యోగంలో చేరానంటే ఊడిందని విని అమ్మని హడలగొట్టావు. అందుకే ఈ ఉత్తరాలు.

నా పని చెబుతాను. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్లని మర్నాడే మంచం దింపి నిలబెట్టాలి. వాళ్లు ఊచలు పట్టుకుని నన్ను తిడతారు. నాకు ఆ తిట్లంటే ఇష్టం. తిట్టే ఓపిక ఉన్నవాళ్లు నడుస్తారు.

కానీ ఇక్కడొక పద్ధతి ఉంది, అది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. రక్తం పలచన చేసే మాత్ర వాడేవాళ్లు చేరితే, మంచం కాళ్లవైపు ఊచకి నర్సు ఎర్ర రిబ్బను కడుతుంది. కోస్తే రక్తం త్వరగా ఆగదు కాబట్టి జాగ్రత్త అని దానర్థం. ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో గాని, ఇప్పుడు దాని అర్థం ముట్టుకోవద్దని. ఎముకల డాక్టరు గుండె డాక్టరు మాట కోసం ఆగుతాడు. గుండె డాక్టరు మత్తు డాక్టరు మాట కోసం. మత్తు డాక్టరు రక్తం మామూలయ్యేదాకా. రోగి వీళ్లందరి కోసం.

మా పెద్ద ఎముకల డాక్టరుకి వార్డులో అందరూ పెట్టిన పేరు "ఎల్లుండి డాక్టరు". ఎప్పుడండీ అని ఎవరడిగినా "ఎల్లుండి చూద్దాం" అంటాడు. మర్నాడు అడిగినా అదే ఎల్లుండి.

ఇప్పుడు కిటికీ పక్క మంచంలో ఒక డ్రాయింగ్ మాస్టారున్నారు. స్నానాల గదిలో జారి తుంటి విరిగింది. వచ్చిన రోజు నా ముఖం చూసి, "నీ ముక్కు గీయడం తేలికేనమ్మాయ్, కుదురుగా నిలబడితే" అని వేళాకోళం చేశారు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. ఎల్లుండిలు గడుస్తున్నాయి. ఇవాళ నేను వెళ్తే ముక్కు సంగతి ఎత్తలేదు. "కాస్త పక్కకి తిప్పుతారా" అని మాత్రం అడిగారు. రిబ్బను ఉంది కనక నేను తిప్పకూడదట. నర్సు కోసం వెతికాను.

నువ్వూ అలాంటి మాత్రే వేసుకుంటావుగా. దుకాణం మెట్లు చూసుకుని దిగు.

నీ బొంగరం

*

కుట్టు దుకాణం,
కోత బల్ల దగ్గర నిలబడి

బొంగరానికి,

నీ ఉత్తరం బొత్తాలమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నాను. నాకు చూపు లేక కాదు, అది చదువుతుంటే కాజాలు ఆపుతుంది కదా, దాని వేళ్లకి కాస్త విశ్రాంతి. ఇన్నేళ్లుగా నా దగ్గర కాజాలూ బొత్తాలూ కుట్టి కుట్టి దాని అసలు పేరు అదే మరిచిపోయింది.

నేను కూర్చుని ఉత్తరాలు రాయనని నీకు తెలుసు. మిషన్ మీద కూర్చునేది పనివాళ్లు. కోసేవాళ్లు నిలబడతారు. నలభై ఏళ్లు ఈ బల్ల ముందు నిలబడే సంసారం ఈదాను, మీ అమ్మని చదివించాను. ఎవరైనా కుర్చీ వేస్తే నన్ను ముసలిదాన్ని చేస్తున్నారనిపిస్తుంది.

మీ ఎల్లుండి డాక్టరు నా దగ్గర దర్జీగా ఉంటే మొదటి వారమే పంపించేసేదాన్ని. ఇస్తానన్న రోజుకి ఇవ్వని దర్జీ ఎంత బాగా కుడితే ఏం లాభం, ఆ చొక్కా ఎవరేసుకోవాలి?

నాకు కొన్ని సంగతులు చెప్పు. ఆ మాత్ర మానేస్తే రక్తం మామూలుగా అవడానికి ఎన్నాళ్లు పడుతుంది? ముందునుంచీ అసలు వేసుకోనివాళ్లకి తుంటి విరిగితే వెంటనే కోస్తారా? వాళ్లకి రిబ్బను కట్టరు కదా? ఊరికే అడుగుతున్నాను. ఎదురు దుకాణం ఆవిడ తెలుసుకోమంది.

మాస్టారు ఎలా ఉన్నారో రాయి. ముక్కు గీయించుకో.

అమ్మమ్మ

*

ఆసుపత్రి వెనక,
టీ బల్ల దగ్గర

అమ్మమ్మకి,

మాస్టారికి మొన్న ఆపరేషన్ చేశారు. చాలా బాగా జరిగింది. ఎముకలో మేకు సరిగ్గా కూర్చుంది, రక్తం పెద్దగా పోలేదు. ఎల్లుండి డాక్టరు ఎక్స్‌రే ఫోటో పట్టుకుని అందరికీ చూపించాడు. మాస్టారు ఇవాళ పొద్దున పోయారు.

ఎదురుచూసిన రోజుల్లో కదలక ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంది. వీపు కింద పుండు పడింది. తిండి మానేశారు. ఆపరేషన్‌కి తీసుకెళ్లేటప్పటికే ఆయనలో మిగిలింది కొంచెం. ఆయన కూతురు నన్ను పట్టుకుని, "ఆపరేషన్ సక్సెస్ అన్నారు కదమ్మా" అని పదేపదే అడిగింది. ఆయన మంచం కింద చెప్పుల జత ఉంది. నడిపిస్తానని నేనే తెప్పించాను.

తిలాపాపం తలా పిడికెడు. ఎవరి తప్పూ కాదు కనక ఎవరూ మారరు. అలా ఊరుకోవడం నావల్ల కాదు.

కొత్తగా ఒక మత్తు డాక్టరమ్మ చేరింది. సన్నగా, గట్టిగా నవ్వే మనిషి. ఇదే టీ బల్ల దగ్గర ఆవిడని నిలదీశాను. రక్తం పలచగా ఉంటే నడుములో మత్తు సూది వేయడం ప్రమాదమట, వెన్ను దగ్గర రక్తం గడ్డకట్టి కాళ్లు పడిపోవచ్చట. మళ్లీ తనే, "అయితే నడుములో వేయకు, పూర్తిగా నిద్రపుచ్చు. ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో అడుగు, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చూడు, రక్తం సీసాలు సిద్ధంగా పెట్టుకో. చాలామందిని మర్నాడే, మహా అయితే ఆ మర్నాడు బల్ల ఎక్కించవచ్చు. అందరికీ ఒకటే లెక్క కాదు, మనిషిని బట్టి చూడాలి. కానీ ఆగడం అంటే ఏమీ చేయకపోవడం అనుకుంటారు చూడు, అదీ తప్పు. ఆగడం కూడా ఒక మందే, దానికీ విషం ఉంటుంది" అంది.

మరి ఎల్లుండి డాక్టరు సంగతేమిటని అడిగితే చెప్పింది, పడుచుతనంలో ఆయన ఒకరికి తొందరపడి కోశాడట. బల్లమీదే రక్తం ఆగలేదట. అప్పట్నుంచి ఆయన చేతులకి కనపడని రిబ్బను కట్టి ఉంది. ఆ సంగతి విన్నాక ఆయన మీద కోపం సగం చచ్చింది. మిగతా సగం దాచుకున్నాను, అవసరం ఉంది.

నీ ప్రశ్నలకి జవాబు. ఎదురు దుకాణం ఆవిడకి చెప్పు: మానేస్తే కొద్ది రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. అసలు వాడనివాళ్లకి రిబ్బను లేదు, ఇతర జబ్బులేం లేకపోతే మర్నాడే చేస్తారు. ఈ వయసులో వైద్యం చదువుదామనుకుంటున్నారా ఇద్దరూ?

నీ బొంగరం

*

కుట్టు దుకాణం,
కోత బల్ల దగ్గర

బొంగరానికి,

మాస్టారి కబురు విని ఆ పూట కత్తెర ముట్టలేదు. చూడని మనిషి కోసం ఏమిటీ అంది బొత్తాలమ్మ. ఆ చెప్పుల జత నా కళ్లముందు నుంచి పోవడం లేదు.

ఇక్కడ అంతా బాగుంది. బళ్లు తెరుస్తున్నారు కదా, యూనిఫారాల గుట్టలు. ఒక తండ్రి వచ్చి కొడుకు నిక్కరు పొడుగ్గా కుట్టమన్నాడు, మూడేళ్లు రావాలట. పిల్లాడు పెరిగేలోపు గుడ్డ చిరుగుతుంది నాయనా అన్నాను. గుడ్డ చిరిగేలోపు పిల్లాడు బడి మానేస్తాడులే అన్నాడు. ఆ కుర్రాడు తండ్రిని చూసిన చూపు నువ్వు చూడాలి.

నా చేతుల మీద నీలం మచ్చలుండేవే, తగిలితే చాలు కమిలిపోయేవి, అవన్నీ పోయాయి. సూది గుచ్చుకుంటే రక్తం ఇట్టే ఆగిపోతోంది. ఒంటికి వయసు వెనక్కి నడుస్తున్నట్టుంది. ఇంక నా గురించి ఎవరూ బెంగపడక్కర్లేదు. మెట్ల మీంచి పడ్డా భయం లేదు.

మొన్న ఒకటి జరిగింది, నవ్వుకుంటావు. చొక్కా గుడ్డ కోస్తుంటే కత్తెర జారి కిందపడింది. తీద్దామంటే కుడిచెయ్యి నాది కానట్టుంది. బొత్తాలమ్మని పిలుద్దామంటే మాట ముద్దగా వచ్చింది. తాగొచ్చారా ఏమిటమ్మా అని అదొకటే నవ్వు. కాసేపటికి అంతా మామూలైపోయింది. ఎండకి వడ కొట్టిందేమో. మీ అమ్మకి చెప్పకు, ఊరికే బయల్దేరి వస్తుంది.

రిబ్బను సంగతి ఏం చేశావు?

అమ్మమ్మ

*

వ్యాయామాల గది,
తలుపు వేసుకుని

అమ్మమ్మా,

నీ ఉత్తరం మెట్ల మీద నడుస్తూ చదివాను. నీలం మచ్చలు పోయాయన్న చోట ఆగాను. కత్తెర జారిందన్న చోట కూర్చుండిపోయాను. వెంటనే ఫోన్ చేస్తే బొత్తాలమ్మ ఎత్తింది. "అమ్మమ్మ మాత్రలేవీ?" అన్నాను. "సుద్దముక్కల డబ్బా కింద పెట్టారమ్మా, ఒక్కటీ చింపలేదు" అంది. ఫోన్ నీకు ఇవ్వమంటే, నువ్వు గుమ్మంలో ఉండి లేనని చెప్పించావు. గుమ్మంలో నుంచి చెప్పేది నాకు వినపడింది, చెవుడు నీకు గాని నాకు కాదు.

అందుకని రాస్తున్నాను. ఇది చేరేలోపు, అంటే ఈ సాయంత్రమే, బొత్తాలమ్మ నిన్ను మీ గుండె డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుంది. నేను పురమాయించాను. అమ్మకి కూడా చెప్పాను. తిట్టుకో.

నీకు మాత్ర ఎందుకిచ్చారో చెప్పి చాలా ఏళ్లయింది కాబట్టి మళ్లీ చెబుతాను. నీ గుండె సరిగ్గా కొట్టుకోదు, పై అర ఊరికే వణుకుతుంది. వణికేచోట రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకి పోతే చెయ్యి పడిపోతుంది, మాట పోతుంది. మొన్న నీకు కొట్టింది వడ కాదు. ఒక చిన్న గడ్డ వచ్చి, నిన్ను చూసి, దయతలచి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేది వెళ్లకపోవచ్చు.

నువ్వు ఏం ఆలోచించావో నాకు తెలుసు. తుంటి విరిగితే రిబ్బను ఉండకూడదని, ఇంకా విరగని తుంటి కోసం, ఉన్న గుండెని వదిలేశావు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే. పైగా అగ్గిపెట్టె నేనే పోస్టులో పంపాను. ఎదురు దుకాణం ఆవిడట. నీకు ఎదురుగా ఉన్నది గోడౌను కదా, అక్కడ ఏ ఆవిడ ఉంది?

డాక్టరు చెప్పకుండా నీ అంతట నువ్వు మాత్ర మళ్లీ మొదలుపెట్టకు కూడా. ముందు పరీక్షలు చేయనీ. ఇంత చిన్న ఉత్తరంలో ఇంత పెద్ద కోపం పట్టడం లేదు.

బొంగరం

*

కుట్టు దుకాణం

బొంగరానికి,

వెళ్లాను. తలకి ఫోటో తీశారు, ఏమీ లేదన్నారు. డాక్టరు నన్ను బడిపిల్లని తిట్టినట్టు తిట్టాడు, పక్కన బొత్తాలమ్మ తల ఊపుతూ తాళం వేసింది. మీ అమ్మ వచ్చి రెండు రోజులుండి ఏడుపు, వంట, మళ్లీ ఏడుపు. పరీక్షలయ్యాక మాత్ర మళ్లీ మొదలుపెట్టమన్నారు. మొదలుపెట్టాను. రోజూ రాత్రి భోంచేసి ఒకటి. వేసుకున్నానా లేదా అని బొత్తాలమ్మ నా నాలుక ఎత్తి చూస్తోంది.

నీ కోపం చదివాను. ఇప్పుడు నా మాట విను.

నేను చావుకి భయపడలేదు. పిచ్చిదాన్నీ కాను. నువ్వు ఆ మాస్టారి గురించి రాశావు కదా, కాస్త పక్కకి తిప్పుతారా అని అడిగారని. దానికి భయపడ్డాను. నన్ను నేను తిప్పుకోలేక, తిప్పడానికి ఒకరి అనుమతి కావలసి వచ్చి, వాళ్లు ఎల్లుండి అంటుంటే, ఊచ మీద గుడ్డముక్క చూసుకుంటూ పడి ఉండటానికి. నిలబడి బతికిన దానికి అది ఎలా ఉంటుందో నీకు తెలుసా? తెలివితక్కువ పని చేశాను, ఒప్పుకున్నాను. కొలత తప్పుగా తీస్తే మంచి గుడ్డ కూడా పాడవుతుంది. కానీ నాకు ఆ కొలత ఇచ్చింది మీ ఆసుపత్రే.

అందుకని ఒప్పందం. నేను మాత్ర వేసుకుంటాను, ఒక్కపూట తప్పను. నువ్వు ఆ రిబ్బను సంగతి తేల్చు. నీకు కోపం ఉందిగా, నా మీద ఎందుకు ఖర్చు చేస్తావు? అక్కడ వాడు.

అమ్మమ్మ

*

ఎముకల వార్డు,
నర్సుల బల్ల దగ్గర

అమ్మమ్మకి,

వాడాను.

వారం వారం జరిగే సమావేశంలో ఫిజియో వాళ్లం గోడకి ఆనుకుని నిలబడతాం. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. నేను అడగకుండానే మాట్లాడాను. ఇన్ని నెలల్లో రిబ్బను ఉన్న మంచాల్లో నేను ఎంతమందిని నిలబెట్టగలిగానో, లేనివాటిలో ఎంతమందినో చెప్పాను. ఎల్లుండి డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బల్ల మీద రక్తం ఆగకపోతే ఆపడానికి నువ్వొస్తావా?" అన్నాడు.

"నేను రాలేను సార్. కానీ మాస్టారు ఊపిరాడక పోతున్నప్పుడు మనలో ఎవరం వెళ్లాం?"

నా ఉద్యోగం పైన ఫ్యాను రెక్కల మధ్య తిరగడం నాకు కనిపించింది. అప్పుడు మత్తు డాక్టరమ్మ నవ్వింది. "సార్, రిబ్బను తీసేయమని ఎవరూ అనడం లేదు. దాని మీద ఒక్క ముక్క రాద్దాం. ఆఖరి మాత్ర ఎప్పుడు అని. రాశాక ముగ్గురం అదే రోజు ఆ మంచం దగ్గరికి వద్దాం. ఎవరి గదిలో వాళ్లు కూర్చుని ఎదురుచూడటం మానేద్దాం. ఆగాల్సినవాళ్లకి ఆగుదాం, ఎందుకు ఆగుతున్నామో రోగికి చెబుదాం."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఒక్కరికి చేసి చూద్దాం. తేడా వస్తే ఆ రిబ్బను నీ మెడకి కడతా" అన్నాడు. నన్ను చూసి అన్నాడో, తనని తాను చూసుకుని అన్నాడో తెలియలేదు.

ఆ ఒక్కరు ఒక రిటైరైన బస్సు కండక్టరమ్మ. చేరిన మర్నాడే పూర్తి మత్తిచ్చి చేశారు. కాస్త రక్తం ఎక్కించాల్సి వచ్చింది, అంతే. ఆ మర్నాడు నేను మంచం దింపుతుంటే, "ముందుకి జరగండి, ముందుకి జరగండి అని జనాన్ని తోశాను జీవితమంతా, ఇప్పుడు నన్ను తోస్తున్నావా" అని తిట్టింది. ఎంత చక్కగా తిట్టిందో. తరువాత మరో ఇద్దరు. ఒకరిని మూత్రపిండాలు బాగాలేక ఒకరోజు ఆపారు, కానీ కూర్చోబెట్టి ఎందుకో చెప్పారు, నన్ను ఊపిరి వ్యాయామాలు చేయించనిచ్చారు. నిన్న ఎవరి తాలూకు వాళ్లో ఆపరేషన్ ఎప్పుడండీ అంటే ఆయన అలవాటుగా "ఎల్లు..." అని ఆగి, "రేపు" అన్నాడు. నర్సులూ ఫిజియోలూ అందరం గోడవైపు తిరిగి నవ్వుకున్నాం.

నా వంతు అయింది. నీ నాలుక ఎత్తి చూపించు.

నీ బొంగరం

*

ఆపరేషన్ గది బయట,
బెంచీ మీద

అమ్మమ్మా,

నువ్వు తలుపుకి అటువైపు ఉన్నావు, నేను ఇటువైపు. మెలకువ వచ్చాక చదువుకుంటావని రాస్తున్నాను. రాయకపోతే నా కాళ్లు ఈ వరండా అరిగిపోయేదాకా తిరుగుతాయి.

మెట్ల మీద కాదు, సమతలం మీద, నీ దుకాణంలోనే, కింద జారిన లైనింగు గుడ్డ మీద కాలేసి పడ్డావు. అమ్మ నిన్ను ఇక్కడికే తెచ్చింది. నిన్న మధ్యాహ్నం స్ట్రెచరు లోపలికి వస్తుంటే నర్సు అడగకముందే, "నిన్న రాత్రి భోంచేశాక వేసుకున్నాను. రాసుకోండి" అన్నావు. ఆవిడ బిత్తరపోయి రిబ్బను మీద రాసింది. నొప్పితో ముఖం పాలిపోయి ఉంది, అయినా నీ కళ్లు నా వైపు చూసి ఎగతాళి చేశాయి.

ఇప్పుడు నీకు చెప్పనిది చెబుతాను. నువ్వు నా బంధువని నన్ను వైద్యం సంగతుల్లోంచి పక్కన పెట్టారు. ముగ్గురు డాక్టర్లూ నీ మంచం దగ్గరికి వచ్చారు. పరీక్షలు బాగున్నాయి, రేపు మధ్యాహ్నానికి చేయవచ్చన్నారు. తరువాత ఎల్లుండి డాక్టరు వరండాలో నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మీ అమ్మమ్మ కదా. నీకు భయంగా ఉంటే ఇంకో రోజు ఆగుదామా?" అన్నాడు.

వెక్కిరింత కాదు. నిజంగానే అడిగాడు. ఆ సమావేశంలో అంత మాట్లాడిన నా నోట్లోంచి "ఆగుదాం సార్" అన్న మాట దాదాపు వచ్చేసింది. నీ రక్తం బల్ల మీద కనిపించింది నాకు. ఆయన చేతులకి ఉన్న రిబ్బను ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆగుదాం అనడం ఎంత తేలికో, ఎంత ప్రేమలా వినిపిస్తుందో.

"ఆమెనే అడగండి సార్" అన్నాను.

అడిగాడు. నువ్వు ఏమన్నావో నీకు గుర్తుంటుందో లేదో, నొప్పికి మందిచ్చి ఉన్నారు. "కోసేది మీరు, కొలత మీ ఇష్టం నాయనా. కానీ ఇస్తానన్న రోజుకి ఇవ్వండి" అన్నావు. ఆయన తలవంచుకుని నవ్వాడు. ఆయన నవ్వడం ఈ వార్డులో ఎవరూ చూసి ఉండరు.

తలుపు మీద దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. మంచం కింద నీ చెప్పులు పెట్టించాను. నీవి కాదు, నీవి జారతాయి. కొత్తవి.

దీపం ఆరింది. వస్తున్నాను.

*

రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం

బొంగరానికి,

పక్క గదిలోనే ఉండి ఉత్తరమేమిటని నర్సమ్మ నవ్వుతోంది. మా ఇద్దరికీ అలా అలవాటని చెప్పాను.

నిన్ను పొద్దున్న తిట్టినందుకు ఏమనుకోకు. రాక్షసి అన్నాను, ఇంకా ఏవో అన్నాను. నొప్పి అలా ఉంది. నువ్వు మాత్రం ఎందుకలా ముఖమంతా నవ్వుకున్నావు? తిట్టించుకుని మురిసిపోయే మనిషిని నేను నిన్నొక్కదాన్నే చూశాను.

మీ మత్తు డాక్టరమ్మ వచ్చింది. రక్తం పలచన చేసే మందు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో తనే చూసి చెబుతానంది, అప్పటిదాకా నన్ను సొంత తెలివి వాడొద్దంది. నా ఖ్యాతి ఇక్కడిదాకా పాకిందన్నమాట. ఎల్లుండి డాక్టరు కూడా వచ్చాడు. ఆయన చొక్కా భుజం దగ్గర లాగుతోంది, ఎవడో కొలత తీయకుండా కుట్టాడు. లేచాక ఒకటి కుట్టిస్తానన్నాను. ఎప్పుడమ్మా అన్నాడు. ఎల్లుండి అన్నాను.

ఊచకి కట్టిన ఆ రిబ్బను నాకిమ్మని నర్సుని అడిగాను. కొలతల టేపు పాతబడింది, దాన్ని చుట్టి కట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇక ఆపుతాను. వాకర్‌ని కిటికీ దాకా జరిపి, కిటికీ అరుగు మీద కాగితం పెట్టి రాస్తున్నాను. చేతిరాత వంకరగా ఉంటే కోప్పడకు. కూర్చుని రాయడం నాకెప్పుడూ చేతకాలేదు కదా.

అమ్మమ్మ